రెండో ముల్లు లేని తీగ

అనగనగా, పిల్లలూ, ఒక అడవి ఉండేది. అది ఏ వైపు ఉందని అడక్కండి. వెళ్ళి చూద్దామన్నా ఇప్పుడు కనపడదు.

ఆ అడవిలో ఒక కొండ, ఆ కొండ మీద నుంచి కిందికి ఒకే ఒక వాగు. వానాకాలంలో అది రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ పారేది. ఎండలు ముదిరాయంటే నీళ్ళు తెగిపోయి మడుగులుగా మిగిలేది. అన్నిటికంటే పైన తేనెరాతి మడుగు. దాని కింద జమ్ము మడుగు. ఇంకా కిందికొస్తే రాతి దొరువు. అట్టడుగున, జంతువులన్నీ ఉండే చోటికి దగ్గరగా, ఏనుగు గుండం.

మడుగులున్నాయి కదా, వెళ్ళి తాగితే సరిపోదా అంటారేమో. సరిపోదు. వాగు పొడుగునా ముష్టిచెట్లు ఉండేవి. ఎండాకాలంలో వాటి కాయలు రాలి నీళ్ళలో పడి కుళ్ళేవి. నీళ్ళు చూడటానికి తేటగానే ఉండేవి, వాసన కూడా వచ్చేది కాదు. కానీ తాగినవాళ్ళు లేచేవాళ్ళు కాదు. ఏ మడుగులో కాయలు పడ్డాయో కొమ్మలమీద తిరిగే కొండముచ్చులకు మాత్రమే తెలిసేది.

అందుకని కొండముచ్చులు రోజూ ఒక తీగ కట్టి పంపేవి. మడుగుకొక ముడి. తేనెరాతి మడుగుకు గుండ్రటి ముడి. జమ్ము మడుగుకు జడలా అల్లిన ముడి. రాతి దొరువుకు రాయిలా బిగించిన ముడి. ఏనుగు గుండానికి తొండంలా వేలాడే ముడి. తాగకూడని మడుగులు మొదలయ్యే చోట ఒక తుమ్మముల్లు, కొన పైకి ఉండేట్టు గుచ్చేవి. అవి అయిపోయిన చోట ఇంకో ముల్లు, కొన కిందికి ఉండేట్టు గుచ్చేవి. రెండు ముళ్ళ మధ్యన ఏ ముడి ఉంటే ఆ మడుగు జోలికి పోకూడదు. అంతే సంగతి.

కాకి ఆ తీగను ముక్కున కరుచుకొచ్చి ఇప్పచెట్టు కింద పడేసేది. అక్కడ డిప్పయ్య తాత ఉండేవాడు. ముసలి తాబేలు. ఎన్నేళ్ళవాడో ఆయనకే తెలియదు. తీగ చదివి చెప్పడం ఆయన పని.

ఆ చదువు వినాలి పిల్లలూ. తెల్లవారేసరికి ఇప్పపూలు నేలంతా పరుచుకుని ఉండేవి. దుప్పులు, పందులు, కుందేళ్ళు, నెమళ్ళు, ఒకరి పక్కన ఒకరు కూర్చునేవాళ్ళు. దాహమేసి కొందరొస్తే, ఆ గొంతు వినడానికే కొందరు వచ్చేవాళ్ళు. డిప్పయ్య తాత తీగను గడ్డం కింద నుంచి మెల్లగా జరుపుతూ, "తేనెరాతి మడుగు, తాగొచ్చు. బండలు జారతాయి, పిల్లలు జాగ్రత్త. జమ్ము మడుగు, వద్దు నాయనా, పోవద్దు," అని చదివేవాడు. ఒక్కసారి కూడా తడబడింది లేదు. ఆయన చదవడం అయిపోయాక అందరూ లేచి నీళ్ళకు పోతుంటే, ఆ గిట్టల చప్పుడు చాలాసేపు వినపడేది.

ఆయన వీపుమీద ఎప్పుడూ ఒక ఉడుత కూర్చుని ఉండేది. దాని పేరు చారమ్మ. ముడులు తడిమి నేర్చుకునేది.

"చూసి కాదు, వేళ్ళతో చదువు," అనేవాడు తాత. "కళ్ళు ముందే ఏదో అనుకుంటాయి. వేళ్ళు అనుకోవు."

ఒక్కోరోజు తాత మధ్యలో ఆగి తీగ వాసన చూసేవాడు. "ఎందుకు తాతా?" అని చారమ్మ అడిగితే, "ఏం లేదులే, ఆకు వాసన బాగుంది," అని మళ్ళీ చదువుకుపోయేవాడు.

ఒక వానాకాలం డిప్పయ్య తాత పోయాడు. ఇప్పచెట్టు మొదట్లోనే ఆయన డిప్ప ఉండిపోయింది. అందరూ ఏడ్చారు. తర్వాత వానలు ఆగాయి, చలి వెళ్ళింది, ఎండలు వచ్చాయి. వాగు తెగింది. కాకి తీగ తెచ్చి పడేసింది.

ఎవరు చదవాలి?

"ఈటెలయ్యను పెడదాం," అన్నాయి జంతువులు. ఈటెలయ్య ముళ్ళపంది. మాట అంటే మాట. తన గుంటలో ఆకు కూడా అడ్డదిడ్డంగా పడనిచ్చేవాడు కాదు.

ఈటెలయ్య తీగను అటూ ఇటూ తిప్పాడు. "కొన పైకున్న ముల్లు ఉంది. కొన కిందికున్న ముల్లు లేదు. మొదలు పెట్టినవాళ్ళు ముగించలేదు. ఇది తీగే కాదు," అని గడ్డిలోకి విసిరేశాడు.

అడవిపంది కోరల మామ ముందుకొచ్చింది. "అయ్యా ఈటెలయ్యా, అందులో ఒక్క ముడైనా నీకు అర్థం కాలేదా?"

"అర్థం కావడం వేరు మామా. కట్టడం తప్పు. తప్పుగా కట్టిందాన్ని నేను చదవను."

"మరి మేం ఏం తాగాలి?"

"సరిగా కట్టిన తీగ వచ్చాక తాగండి."

మర్నాడూ రెండో ముల్లు లేదు. ఆ తీగా గడ్డిలోకే పోయింది. ఆ మర్నాడూ అంతే. కుందేళ్ళు తెల్లవారుజామున ఆకులమీది మంచు నాకాయి. నెమలి పిల్లలు రెండు గొంతెండి చచ్చిపోయాయి. తేనెరాతి మడుగు మంచిదేనని ఆ తీగలన్నిట్లోనూ స్పష్టంగా ఉంది. గుండ్రటి ముడి, దానికి ముందు ముల్లే లేదు. కానీ చెప్పేవాళ్ళు లేక అదీ గడ్డిలోనే ఎండిపోయింది.

నెమలి ఏడుపు విన్నాక ఎవరూ ఈటెలయ్య దగ్గరికి పోలేదు. "నేను తప్పేం చదివాను?" అన్నాడాయన. నిజమే, ఏమీ చదవలేదు.

ఈసారి గోరువంకను పెట్టారు. దాని పేరు పలుకులమ్మ. మాట తేనెలా జారేది. డిప్పయ్య తాత గొంతును అచ్చం దింపేది కూడా.

కాకి తీగ తెచ్చింది. తేనెరాతి ముడి, తర్వాత పైకి చూసే ముల్లు, తర్వాత జమ్ము ముడి, రాతి దొరువు ముడి, ఏనుగు గుండం ముడి. కిందికి చూసే ముల్లు ఎక్కడా లేదు.

పలుకులమ్మ ఒక్క క్షణం చూసింది. ముల్లు జమ్ము ముడి పక్కనే ఉంది కదా, దానికోసమే పెట్టుంటారులే అనుకుంది. తాత గొంతు పెట్టి మొదలుపెట్టింది. "తేనెరాతి మడుగు, తాగొచ్చు నాయనా. జమ్ము మడుగు, వద్దు. రాతి దొరువు తాగొచ్చు. ఏనుగు గుండం తాగొచ్చు."

ఆ గొంతు వినగానే అందరికీ కళ్ళు చెమర్చాయి. పాత రోజులు మళ్ళీ వచ్చాయనుకున్నారు.

"మా పలుకులమ్మ ఉండగా మాకేం భయం," అంటూ కోరల మామ నవ్వుకుంటూ రాతి దొరువుకు పోయింది. కడుపునిండా తాగింది. ఒడ్డుమీదే పడిపోయింది. నాలుగు కాళ్ళూ బిగుసుకుపోయాయి. మళ్ళీ లేవలేదు.

పలుకులమ్మ ఆ రోజునుంచి ఇప్పచెట్టు చివరికొమ్మ మీద కూర్చుండిపోయింది. ఎవరి గొంతూ దింపలేదు.

మర్నాడు కాకి మళ్ళీ తీగ తెచ్చింది. చెట్టు కింద అందరూ ఉన్నారు కానీ, ముందుకొచ్చేవాళ్ళు లేరు. అప్పుడు చారమ్మ తాత డిప్ప మీది నుంచి దిగింది. తీగను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని తడిమింది. నిన్నటి తీగలాగే ఉంది. పైకి చూసే ముల్లు ఒకటి. కిందికి చూసే ముల్లు లేదు.

చారమ్మ కళ్ళు తెరిచింది. "తేనెరాతి మడుగు తాగొచ్చు. ఇది ఖాయం. ముల్లు దాని తర్వాత మొదలైంది. అక్కడినుంచి కింద ఉన్న మూడు మడుగుల సంగతీ ఈ తీగలో తేలలేదు. ముల్లు ఎక్కడ అయిపోయిందో కట్టినవాళ్ళు చెప్పలేదు. నేను చెప్పలేను."

చెట్టు కింద గుసగుసలు మొదలయ్యాయి.

"డిప్పయ్య అయితే చెప్పేవాడు," అంది నక్క.

"ఇంత చిన్న ఉడుతను పెడితే ఇంతే చదువు వస్తుంది," అంది పెద్ద కొమ్ముల కణుజు.

ఈటెలయ్య దూరంగా గుంట అంచున నిలబడి, "నేను ముందే చెప్పాను, అది తీగ కాదని," అన్నాడు.

అప్పుడు దుప్పి చుక్కమ్మ లేచింది. దాని కాళ్ళ దగ్గర పిల్ల పడుకుని ఉంది. పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. తల్లికి నీళ్ళు లేక పాలు ఇంకిపోయాయి. పిల్ల మెడ కూడా ఎత్తడం లేదు.

"చారమ్మా," అంది చుక్కమ్మ, "తేనెరాతి మడుగు నాకెందుకే? ఆ బండలు ఇది ఎక్కలేదు. దీన్ని వదిలి నేను ఎక్కి దిగేసరికి ఇది ఉండదు. ఏనుగు గుండం నాలుగు అడుగుల్లో ఉంది. అది మంచిదా, కాదా? ఆ ఒక్కటీ చెప్పు."

"తెలీదు అత్తా."

"తెలీదని చెప్పడానికి చదువెందుకే?"

చారమ్మ తల వంచుకుంది. మెల్లగా అంది. "ఎంతవరకు తెలిసిందో, ఎక్కడినుంచి తెలియలేదో చెప్పడానికి, అత్తా."

"డిప్పయ్య వీపుమీద కూర్చుని నువ్వు నేర్చుకుంది ఇదా?"

ఆ మాట చారమ్మకు గుచ్చుకుంది. తీగను మళ్ళీ తడిమింది. తొండంలా వేలాడే ముడి దగ్గర వేళ్ళు ఆగాయి. తాతలాగే వాసన చూసింది. ఆకు వాసన తప్ప ఏమీ రాలేదు. తాగొచ్చు అని ఒక్క మాట అంటే చాలు, అందరూ మెచ్చుకుంటారు. మంచిదే అయితే పిల్ల బతుకుతుంది కూడా. కాకపోతే? రాతి దొరువు ఒడ్డున బిగుసుకుపోయిన నాలుగు కాళ్ళు కళ్ళ ముందు కనపడ్డాయి.

"ఆయనకు ఏం తెలిసేదో నాకు తెలీదు అత్తా. తెలిసినట్టు చెప్పలేను."

చుక్కమ్మ పిల్లను మూతితో లేపి ఏనుగు గుండం వైపు నడిపించబోయింది. పిల్ల రెండు అడుగులేసి తూలింది. చారమ్మ పరిగెత్తుకెళ్ళి దారికడ్డంగా కూర్చుంది. వేలెడంత ఉడుత ఎంత అడ్డం? కాలెత్తి దాటితే అయిపోతుంది.

"అత్తా, పైకి చూసే ముల్లు ఒకటి తెరిచి ఉంది. కిందికి చూసేది కనపడేదాకా దాని కింద ఉన్నవన్నీ వద్దనే అనుకోవాలి. కాకిని వెనక్కి పంపుతాను. కట్టినవాళ్ళనే అడుగుతాను. అది వచ్చేదాకా ఆగు. తర్వాత ఏనుగు గుండం మంచిదని తేలితే, నీ కాలికింద నన్ను తొక్కేయ్. నేనేమీ అనను."

"అంతవరకు దీని గొంతు?"

జవాబు చెప్పింది చారమ్మ కాదు. చెట్టు మొదట్లో బద్ధకంగా పడుకున్న ఎలుగు, బొంతయ్య.

"తేనెరాతి మడుగు ఖాయమే కదా?" అన్నాడు.

"ఖాయం బాబాయి."

"అయితే నేను పోతా. బండలు నాకు లెక్క కాదు."

"పోయి ఎలా తెస్తావు? దోసిట్లోనా?" అంది నక్క.

"ఈ బొచ్చంతా ఎందుకుంది మరి," అన్నాడు బొంతయ్య. పుట్టినప్పటినుంచి నీళ్ళంటే ఒంటికి పడనివాడు. వానొస్తే గుహలోంచి బయటికి రాడు. అలాంటివాడు బండలెక్కి పోయి, తేనెరాతి మడుగులో మునిగి, ఒళ్ళంతా నీళ్ళోడుతూ పరుగున దిగొచ్చాడు. దారిలో సగం కారిపోయింది. మిగిలిన సగం పిల్లకు చాలింది. దుప్పిపిల్ల ఆ నల్లటి బొచ్చులో మూతి పెట్టి చీకింది. తల్లి పొదుగును చీకినట్టే చీకింది. బొంతయ్య కదలకుండా కళ్ళు మూసుకుని, "తొందరగా కానియ్ తల్లీ, చక్కిలిగింతలు పెడుతోంది," అన్నాడు.

చాలా రోజుల తర్వాత ఆ చెట్టు కింద నవ్వు వినపడింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కాకి తిరిగొచ్చింది. ఒంటరిగా రాలేదు. కొమ్మలు ఊగుతూ దాని వెనకే కొండముచ్చుల పెద్ద వచ్చాడు. ఆయన్ని అందరూ నల్లమూతి పెద్దయ్య అంటారు. చారమ్మ తీగను ఆయన చేతిలో పెట్టింది.

"పెద్దయ్యా, ఇక్కడ ముల్లు తెరిచి ఉంది. మూసింది ఎక్కడ?"

పెద్దయ్య తీగను చూసి తేలిగ్గా అన్నాడు. "చివర్లోనే మూసినట్టు. తీగ అక్కడితో అయిపోయింది కదా. అయిపోయినదానికి ఇంకో ముల్లెందుకని మేం పెట్టం."

"అంటే మూడూ చెడ్డవేనా?"

"మూడూ. అసలు ముందు కాయలు పడింది ఏనుగు గుండంలోనే."

చుక్కమ్మ పిల్లను పొట్టకు అదుముకుంది.

చారమ్మ మాత్రం వదల్లేదు. "ఒకే మడుగు చెడిపోతే ఎలా కడతారు?"

"పైగుట్టవాళ్ళం మేమైతే రెండో ముల్లు పెడతాం. కొన్ని రోజులు తీగ కట్టేది కిందిగుట్ట కొండముచ్చులు, వాళ్ళు పెట్టరు. ముల్లు పక్కన ఉన్న ముడికే కదా అంటారు వాళ్ళు."

చెట్టు చివరికొమ్మ మీద పలుకులమ్మ రెక్కల్లో తల దాచుకుంది. తను చదివింది కిందిగుట్టవాళ్ళ పద్ధతి. తీగ కట్టింది పైగుట్టవాళ్ళు. రెండూ ఒకే తీరుగా కనపడతాయి.

"ఇదెప్పటినుంచి?" అన్నాడు బొంతయ్య, ఇంకా నీళ్ళోడుతూనే.

"చాలా ఏళ్ళయింది. మొదట్లో మా తాతలు రెండు ముళ్ళూ పెట్టేవాళ్ళు. ఒకసారి మర్చిపోయారు. కింద ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకోసారి మర్చిపోయారు. అప్పుడూ ఏమీ కాలేదు. ఇక ముల్లు కోసం తుమ్మచెట్టెక్కడం ఎందుకని మానేశాం." పెద్దయ్య డిప్ప వైపు చూశాడు. "డిప్పయ్య ఒక్కసారి కూడా కబురు పెట్టలేదే. పెట్టుంటే మానేవాళ్ళం కాదు."

అప్పుడు చారమ్మకు అర్థమయింది. తాత తీగ వాసన ఎందుకు చూసేవాడో. పైగుట్ట తీగకు ఒక వాసన, కిందిగుట్ట తీగకు ఒక వాసన. ఎవరు కట్టారో తెలుసుకుని, వాళ్ళ పద్ధతిలో చదివి, మూసినట్టే చెప్పేవాడు. ఎవరినీ కంగారు పెట్టడం ఇష్టం లేక ఆ సంగతి తనలోనే ఉంచుకున్నాడు. తనతోనే తీసుకుపోయాడు.

"అయితే తప్పు డిప్పయ్యదా?" అంది నక్క.

ఆ మాట ఎవరికీ నచ్చలేదు.

"తాత ఎప్పుడూ తప్పు చదవలేదు," అంది చారమ్మ. "తీగలో తప్పుందని చెప్పలేదు. అంతే."

"మంచి మనసు ఆయనది," అన్నాడు బొంతయ్య.

"మంచిదే బాబాయి. అందుకే ఇన్నేళ్ళూ మనకు తెలియలేదు."

ఆ సాయంత్రం పైగుట్ట కొండముచ్చులు, కిందిగుట్ట కొండముచ్చులు, కింద ఉన్న జంతువులు అందరూ ఇప్పచెట్టు కింద కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఎవరు కట్టినా రెండు ముళ్ళూ పెట్టాలి. తీగ అక్కడితో అయిపోతున్నా సరే. ఒకవేళ రెండోది లేకుండా వస్తే, ఎవరు చదివినా ఒకేలా చదవాలి. ముల్లుకు పైన ఉన్నది చెప్పాలి. కింద ఉన్నదంతా తేలేదాకా వద్దనే చెప్పాలి. ముల్లు లేదని అందరికీ వినపడేలా చెప్పాలి. ఆ తీగను పారేయకూడదు, తమంతట తాము ముల్లు గుచ్చకూడదు, ఉన్నదున్నట్టు కొమ్మకు తగిలించి కాకిని వెనక్కి పంపాలి.

ఈటెలయ్యను కొండమీదికి పంపారు. తీగ కాకి ముక్కున పడకముందే చూడమన్నారు. అక్కడ ఆయనంత పనికొచ్చినవాడు లేడు. ముల్లు లేకపోతే "ఇది తీగ కాదు," అని కట్టినవాడి చేతికే ఇచ్చేవాడు. తుమ్మచెట్టెక్కడం బద్ధకమన్నవాళ్ళకు తన వీపునుంచి ఒకటి పీకి ఇచ్చేవాడు.

పలుకులమ్మను కూడా పిలిచారు. చారమ్మ గొంతు నలుగురికి మించి వినపడదు. చారమ్మ చదివితే పలుకులమ్మ దూరానికి చేరవేసేది. తాత గొంతు కాదు, తన గొంతే. "ఇక్కడ తేలలేదు" అనే మాటను మాత్రం అన్నిటికంటే గట్టిగా చెప్పేది.

ఏళ్ళు గడిచాయి. తాత చదువు విన్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. అయినా ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూల వాసన రాగానే ముసలి జంతువులు ఆ గొంతు తలుచుకునేవి. "అలా చదివేవాళ్ళు మళ్ళీ పుట్టరు," అనుకునేవి. చారమ్మా అదే అనేది. ఆమెకే అందరికంటే ఎక్కువ గుర్తు.

ఆ దుప్పిపిల్ల పెరిగి కొమ్ములు తిరిగిన పోతు అయింది. ఏటా వాగు తెగే వేళకు ఇప్పచెట్టు దగ్గరికి వచ్చేది. అక్కడ ఆనాటి తీగ ఎండి వేలాడుతుండేది. నాలుగు ముడులు, పైకి చూసే ముల్లు ఒకటి. దుప్పిపోతు దాని కింద నిలబడి, తొండంలా వేలాడే ముడిని కాసేపు చూసి, బండలెక్కి తేనెరాతి మడుగుకు పోయేది.

ఆ తీగకు రెండో ముల్లు ఎవరూ పెట్టలేదు.

నీతి: అర్థమైనదాన్ని పారేయకు, అర్థం కానిదాన్ని అర్థమైనట్టు చెప్పకు. లోపం ఎక్కడుందో నలుగురికీ వినపడేలా చెప్పి, కట్టినవాడికి కబురు పెట్టు.